సోంబేరుల పరుగు

మా చిత్తూరు వైపు ‘సోంబేరి’ అనే మాట ఒకటుంది. చేతకానివాడని కాదు, చేతనై కూడా చెయ్యనివాడని అర్థం. సెలవుల్లో పొద్దెక్కేదాకా ముసుగుతన్ని పడుకుంటే మా నాయన గుమ్మంలో నిలబడి “ఒరే సోంబేరీ, లెయ్‌రా!” అని కేకేసేవాడు. పీలేరు వదిలి పదేళ్లయినా ఆ కేక చెవుల్లోంచి పోలేదు. అందుకేనేమో, అమెరికాలో కొండల మధ్య ఒక వాగు వెంట జరిగే హాఫ్ మారథాన్‌కి ‘స్లాకర్’ అని పేరు పెట్టారని తెలిసినప్పుడు ఫక్కున నవ్వొచ్చింది. స్లాకర్ అంటే సోంబేరే కదా! పరుగు దాదాపు మొత్తం దిగుడే కాబట్టి బద్ధకస్తులు కూడా రావచ్చని వాళ్ల సరదా కాబోలు.

జనవరిలో డబ్బు కట్టి పేరిచ్చాను. మే నెలలో ఒక మంగళవారం పొద్దున మా టీమ్ మొత్తాన్ని పదిహేను నిమిషాల వీడియో కాల్‌కి పిలిచారు. పదహారో నిమిషానికి లాప్‌టాప్‌లు లాక్ అయిపోయాయి. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకి ఆ తర్వాత ఏం జరుగుతుందో ఈపాటికి తెలుగిళ్లల్లో చాలామందికి తెలుసు. 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ మన కోసం కాగితాలు దాఖలు చెయ్యాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా పెట్టె సర్దాలి. నేను ఫ్రిజ్ మీద కాగితం అంటించి రోజుకొక గీత కొట్టడం మొదలుపెట్టాను. జూన్ చివరి శనివారం, పరుగు రోజు, ముప్పై తొమ్మిదో గీత.

ఇంట్లో చెప్పలేదు. ఎమ్మెస్ కోసం ఇల్లు కుదువపెట్టి తెచ్చిన లోనులో ఇంకా పదకొండు లక్షలు మిగిలుంది. రోజూ ఫోన్‌లో “ఆఫీసుకు పోయినావా?” అని అమ్మ అడిగితే “ఇంట్లోంచే పని చేస్తా ఉండా” అనేవాణ్ని. అబద్ధం కూడా కాదు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఉద్యోగాలకి అప్లై చేసుకోవడం పనే.

పరుగుకి వెళ్లకూడదనే అనుకున్నాను. ఉద్యోగం లేనివాడు సరదాగా కొండల్లో పరిగెత్తడమేంటి? మా రూమ్మేట్, వరంగల్ అన్న, ఒప్పుకోలేదు. “కట్టిన పైసలు ఊకెనే పోనిస్తవా తమ్మీ? రిఫండ్ ఇస్తరా? ఇయ్యరు గద. నడువ్, నేను దింపుత,” అన్నాడు. ఈ లెక్క నాకు నచ్చింది. తెలుగువాణ్ని కదిలించాలంటే ప్రకృతి అందం గురించి చెప్పకూడదు, కట్టిన ఫీజు గుర్తు చెయ్యాలి.

డెన్వర్ పక్కన అరోరాలో మేముండేది. తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరి ఐ-70 ఫ్రీవే ఎక్కాం. నగరం దాటగానే రోడ్డు కొండల్లోకి దూరిపోతుంది. కాసేపటికి పక్కన ఒక వాగు వచ్చి కలుస్తుంది. పేరు క్లియర్ క్రీక్. చీకట్లో కనబడదు గానీ, ఇక్కణ్నించి జార్జ్‌టౌన్ దాకా, అక్కణ్నించి ఇంకా పైకి లవ్‌లాండ్ దాకా రోడ్డు ఈ వాగు చెయ్యి పట్టుకునే ఎక్కుతుంది. నిజానికి ఈ లోయలో ఊళ్లు పుట్టిందే వాగు వల్ల. 1859 జనవరిలో జార్జ్ జాక్సన్ అనే ఆయన ఇప్పుడు ఐడహో స్ప్రింగ్స్ ఊరున్న చోట ఇసుక కడిగి బంగారం చూశాడు. మూడు నెలల్లో కబురు పొక్కింది, జనం విరగబడ్డారు. తర్వాత పైన జార్జ్‌టౌన్ దగ్గర వెండి పడింది. ఆ కథ మళ్లీ వస్తుంది, మనం అటే దిగాలి.

జార్జ్‌టౌన్‌లో కారు ఆపి పచ్చ స్కూలు బస్సు ఎక్కాలి. అమెరికా సినిమాల్లో చూసే బస్సే. చిన్నపిల్లల సీట్లు, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. బస్సు పైకి మూలుగుతూ పోతుంటే లోపల అందరూ ఒకటే కబుర్లు. నా పక్కన అరవై దాటిన ఒక ఆవిడ, వెండి జుట్టు, మోకాలికి నల్ల పట్టీ. ఎన్నోసారి అని అడిగితే లెక్క మర్చిపోయానంది. నాకు మొదటిసారి అన్నాను. ఆవిడ నా కాళ్ల వైపు చూసి “గోళ్లు కత్తిరించుకున్నావా?” అంది. ఇదేం ప్రశ్న అనుకున్నాను. మధ్యాహ్నానికి అర్థమైంది.

పరుగు మొదలయ్యే చోటు లవ్‌లాండ్ స్కీ ఏరియా. సుమారు 10,600 అడుగుల ఎత్తు. మన తిరుమల కొండని మూడు పేర్చినా ఇంకా మిగిలేంత. కొంచెం పైకి వెళ్తే ఐసెన్‌హోవర్ సొరంగం, 1973లో తెరిచింది. దాని నెత్తి మీదుగా పోయేదే ఖండాన్ని రెండుగా చీల్చే వెన్నుగట్టు. ఈ పక్కన కరిగిన మంచు క్లియర్ క్రీక్‌లో పడి, సౌత్ ప్లాట్, మిస్సోరి, మిసిసిపీ నదుల మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరుతుంది. ఆ పక్కన కరిగింది కొలరాడో నదిలో కలిసి పసిఫిక్ వైపు పోతుంది. ఒకే కొండ మీద పక్కపక్కన పడ్డ మంచు. నేను బస్సు దిగి దాని వైపు చూస్తూ నిలబడ్డాను, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే. జూన్ నెలాఖరులో కూడా శిఖరాల మీద తెల్లటి చారలున్నాయి. నేను వేసుకుంది టీషర్టు, నిక్కరు, అన్న బలవంతంగా తొడిగిన పాత స్వెటర్. తర్వాత దారిలో పారేసినా బాధపడకు అని ఇచ్చాడు. అనుభవజ్ఞులు నల్ల చెత్తసంచికి చిల్లులు పెట్టుకుని తొడుక్కొచ్చారు. అంతకంటే తెలివైన పని లేదు.

గాలి సంగతి చెప్పాలి. ఈ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే ఉంటుంది. అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గినట్టే. డెన్వర్లో ఉండేవాళ్లకి 5,280 అడుగులు అలవాటు కాబట్టి కొంత నయం. చెన్నై నుంచో విశాఖ నుంచో దిగి రెండో రోజే పరిగెడదామనుకుంటే తలనొప్పీ వాంతులూ తప్పవు. ఎవరైనా వెళ్లాలనుకుంటే కనీసం మూడు నాలుగు రోజులు ముందుగా వచ్చి ఎత్తులో పడుకోండి. నీళ్లు ఎక్కువ తాగండి. మన రంగు మనల్ని కాపాడుతుందని సన్‌స్క్రీన్ మానేయొద్దు, పైన ఎండ చురుక్కుమంటుంది. నా మెడ మీద తోలు ఊడింది.

బారు కదిలింది. మొదటి కొన్ని మైళ్లు బేకర్‌విల్-లవ్‌లాండ్ ట్రైల్. ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ దారే అని చెప్పొచ్చు. స్ప్రూస్, ఫర్, పైన్ చెట్ల మధ్యనుంచి సన్నటి దారి మెలికలు తిరుగుతూ దిగుతుంది. పక్కనే వాగు. ఒకసారి ఎడమ పక్కన, చిన్న వంతెన దాటితే కుడి పక్కన. జూన్‌లో మంచు కరిగే కాలం కాబట్టి వాగు మాంచి పొగరు మీద ఉంది. రాళ్ల మీద ఎగిరి పడుతూ తెల్లటి నురగ. చెట్ల కింద నేల ఇంకా తడి. ఎండ ఇంకా లోయలోకి దిగలేదు, ఎదుటి కొండల కొసలకి మాత్రం పసుపు పూసినట్టుంది. రోజ్‌మేరీ వాసన అని రాస్తే బాగుంటుంది గానీ అది కాదు, మా ఊళ్లో వడ్రంగి చెక్కని చిత్రిక పడుతున్నప్పుడు వచ్చే వాసన.

అయితే నిశ్శబ్దం మాత్రం లేదు. చెట్ల అవతలే ఐ-70. లారీలు సొరంగం వైపు ఎక్కుతూ రొప్పుతుంటాయి, దిగేవి ఇంజన్ బ్రేకుతో గరగరలాడుతుంటాయి. వాగు గట్టిగా మాట్లాడిన చోట లారీలు వినబడవు, వాగు తగ్గిన చోట మళ్లీ లారీలే. ఫోటోల్లో ఈ సంగతి తెలియదు. నాకు చిరాకనిపించలేదు. హైవే పక్క ఊళ్లో పుట్టినవాణ్ని, లారీ శబ్దం లేకపోతేనే నిద్ర పట్టేది కాదు.

మొదటి మూడు మైళ్లు నేను గాల్లో తేలాను. కాళ్లు వాటంతటవే పడుతున్నాయి. గడియారం చూస్తే నా జీవితంలో ఎప్పుడూ పరిగెత్తనంత వేగం. మనుషుల్ని దాటుకుంటూ పోతున్నాను. నాలుగు వారాలుగా నన్ను ఎవరూ పిలవలేదు, పంపిన అప్లికేషన్లలో సగానికి జవాబే లేదు, మిగతా సగానికి ‘దురదృష్టవశాత్తు’ అని మొదలయ్యే మెయిల్. అలాంటిది ఇక్కడ నేను ముందుకు పోతున్నాను! ఎదటివాళ్ల వీపులు దగ్గరై, పక్కకొచ్చి, వెనక్కి పోతున్నాయి. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

నాలుగో మైలు దగ్గర బస్సులోని వెండిజుట్టు ఆవిడ కనిపించింది. చిన్న చిన్న అడుగులు, వంటింట్లో హడావుడిగా తిరిగినట్టు. నేను దూసుకుపోతుంటే “చిన్న అడుగులు వెయ్యి, బాబూ. బ్రేకులు ఇప్పుడే అరగ్గొట్టుకోకు,” అని వెనకనుంచి కేక. చెయ్యి ఊపి వెళ్లిపోయాను.

దిగుడు సులువు అని ఎవరు చెప్పారో గానీ, వాళ్లు ఎప్పుడూ దిగి ఉండరు. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. ఆయాసం వస్తుంది, గుండె కొట్టుకుంటుంది, మనిషి తనంతట తనే నెమ్మదిస్తాడు. దిగేటప్పుడు అలా కాదు. ఒళ్లు ముందుకు పడుతుంటుంది, అదే కండరం సాగుతూనే ఆ బరువుని ఆపాలి. ప్రతి అడుగూ ఒక బ్రేకు. సాగుతూ బరువు మోసినప్పుడు కండరంలో సన్నటి పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. అసలు దగా ఏంటంటే, అప్పుడు నొప్పి తెలియదు. ఆయాసం లేదు కాబట్టి బాగానే ఉన్నాననుకుంటాం. తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డులో బస్సు డ్రైవర్ గేరు తగ్గించి గుర్రుగుర్రుమంటూ ఎందుకు దిగుతాడో మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా. నా కాళ్లకి ఆ సంగతి చెప్పలేదంతే.

ఇంటర్ పాసయ్యాక నాయనతో కలిసి అలిపిరి నుంచి నడిచి కొండెక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర మెట్టు మెట్టుకీ ఆగి గోవిందా అన్నాం. వచ్చేటప్పుడు బస్సులో నిద్రపోయాం. ఎక్కడానికి మొక్కుకుంటాం గానీ దిగడానికి ఎవరూ మొక్కుకోరు కదా.

బేకర్‌విల్ దగ్గర అడవి అయిపోయింది. ఊరంటే ఊరు కాదు, ఫ్రీవే మీద ఒక ఎగ్జిట్. ఇక్కణ్నించి దక్షిణంగా ఒక మట్టిరోడ్డు గ్రేస్, టోరీస్ అనే జంట శిఖరాల వైపు పోతుంది. రెండూ 14 వేల అడుగులు దాటినవే. అవి ఎక్కడానికి వచ్చినవాళ్ల కార్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. నీళ్లు పోసే బల్ల దగ్గర హైస్కూలు పిల్లలు ఆవుల మెడలో కట్టే గంటలు పట్టుకుని గణగణా వాయిస్తున్నారు. ఇక్కడ పరుగు పందేలకి ఈ గంటలు ఒక ఆచారం. మా ఊరి గంగజాతర గుర్తొచ్చింది. “చాలా బాగా పరిగెడుతున్నారు!” అని ప్రతివాడికీ అరుస్తున్నారు, కుంటుతున్నవాడికి కూడా. అబద్ధమని తెలిసినా ఇంకోసారి అంటే బాగుండుననిపించింది.

ఫ్రీవే పక్క రోడ్డు మీద ఎండలో సాగుతుండగా కుడి మోకాలి పైన ఏదో పట్టేసినట్టయింది. ఏడో మైలు. వేగం తగ్గించాను. తగ్గించడమంటే ఇంకా గట్టిగా బ్రేకు వెయ్యడమే కాబట్టి నొప్పి పెరిగింది. ఎనిమిదో మైలుకి రెండో కాలు కూడా మొదలుపెట్టింది. అప్పుడు వెండిజుట్టు ఆవిడ అదే వంటింటి నడకతో నన్ను దాటింది. ఏమీ అనలేదు. నవ్వింది, అంతే.

సిల్వర్ ప్లూమ్ వచ్చింది. పేరులోనే వెండి ఉంది. కొన్ని మట్టి వీధులు, చెక్క ఇళ్లు, వంగిపోయిన కంచెలు, తలుపేసిన పాత దుకాణాలు. ఎదురుగా కొండ మీద గనుల తవ్వకపు మట్టి గుట్టలు ఇంకా పచ్చబడలేదు, గీరుకున్న గాయాల్లా ఉన్నాయి. ఇంగ్లండ్ కార్న్‌వాల్ నుంచి, ఇటలీ నుంచి, ఎక్కడెక్కణ్నుంచో వచ్చిన గనికార్మికులు ఈ ఇళ్లల్లో ఉండేవాళ్లు. అమెరికా ప్రభుత్వం నెలనెలా వెండి కొంటానని చట్టం చేసింది. అది ఉన్నంతకాలం గనులు నడిచాయి. 1893లో మార్కెట్లు కుప్పకూలాయి, ఆ చట్టాన్ని రద్దు చేశారు, వెండి ధర పడిపోయింది, కొలరాడో గనులు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. కార్మికులు గని తవ్వడం మర్చిపోలేదు. గనిలో వెండి అయిపోనూ లేదు. వాషింగ్టన్‌లో ఎవరో సంతకం పెట్టారు, ఇక్కడ పని లేదు.

నేను నడవడం మొదలుపెట్టాను. పరిగెత్తలేక. ఒక ఇంటి వరండాలో ముసలాయన కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ మమ్మల్ని చూస్తున్నాడు. చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. ఈ మధ్య నాకు పగలు ఖాళీగా కనిపించే మగవాళ్లని చూస్తే వీడికి కూడా పోయిందా అని అనిపిస్తోంది. ఆయన రిటైరై ఉంటాడు పాపం.

సిల్వర్ ప్లూమ్ నుంచి జార్జ్‌టౌన్ రెండు మైళ్లే. కానీ ఆ రెండు మైళ్లలో లోయ 600 అడుగులకు పైగా పడిపోతుంది. ఈ వాలు మీద రైలు ఎక్కలేదు. అందుకని 1884లో ఇంజనీర్లు ఒక చమత్కారం చేశారు. పట్టాల్ని నేరుగా వెయ్యకుండా లోయలో ఇటూ అటూ తిప్పి, ఒకచోట చుట్ట చుట్టినట్టు తిప్పి, కిందినుంచి వచ్చిన దారి మీదుగానే ఎత్తయిన వంతెన వేసి దాటించారు. రెండు మైళ్ల దూరానికి నాలుగున్నర మైళ్ల పట్టాలు. వాగు మీద ఆ వంతెన ఎత్తు 95 అడుగులు. గనులు పోయాక రైలుకీ పని పోయింది. 1939లో పీకేసి తుక్కు కింద అమ్మేశారు. మళ్లీ 1984లో, సరిగ్గా వందేళ్లకి, వంతెనని కొత్తగా కట్టి పర్యాటకుల కోసం రైలు నడుపుతున్నారు. పిల్లలతో వచ్చేవాళ్లు పరుగు మానేసి ఇది ఎక్కినా డబ్బు గిట్టుతుంది.

రైలు ఎక్కలేని వాలు మీద మేం దిగుతున్నాం. రోడ్డు పక్క సన్నటి దారి, ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ, అడుగున వాగూ పట్టాలూ. నా తొడలు ఇప్పుడు నావి కావు. అడుగేస్తే వణుకుతున్నాయి. నడిస్తే నొప్పి, ఆగితే బిగుసుకుపోవడం, పరిగెత్తితే పడిపోతానేమోనని భయం. చివరికి ఆవిడ చెప్పినట్టే చేశాను. చిన్న అడుగులు. చూడ్డానికి సిగ్గుగా ఉంటుంది, ఇరుకు చీర కట్టుకున్నట్టు. వేగం పోయింది, లెక్కలూ పోయాయి. అంతదాకా తల్లో తిరుగుతున్నవన్నీ, ఇరవై ఒక్క రోజులు, పదకొండు లక్షలు, సోమవారం మధ్యాహ్నం ఇంటర్వ్యూ, పక్కకి జరిగి, రాయి ఎక్కడుంది, పాదం ఎక్కడ పెట్టాలి అన్నదే మిగిలింది. ఆ ఇరవై ముప్పై నిమిషాలు ఐదు వారాల్లో నేను గడిపిన అన్నిటికంటే ప్రశాంతమైన సమయం. అంత నొప్పిలో ఇలా రాయడం వింతే.

జార్జ్‌టౌన్ 8,530 అడుగులు. రంగురంగుల చెక్క ఇళ్లు, గంటల మోత, చప్పట్లు. చివరి గీత దాటేసరికి రెండు గంటల నలభై ఒక్క నిమిషాలు. మొదటి మూడు మైళ్ల వేగంతో లెక్కేసుకున్నదానికి ముప్పావు గంట ఎక్కువ. మెడలో మెడల్ వేశారు. అన్న ఒక చేత్తో అరటిపండు, ఇంకో చేత్తో పులిహోర డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున నేను తయారవుతుంటే కలిపాడట. “ఏం తమ్మీ, గట్ల బాతులెక్క నడుస్తున్నవేంది?” అన్నాడు. కూర్చోబోతే కూర్చోలేకపోయాను. చేతులు పట్టుకుని దించాడు.

తిన్నాక కాళ్లు కదులుతాయని ఊళ్లో కాసేపు తిప్పాడు. ప్రధాన వీధిలో హోటల్ డి పారీ అని ఒక పాత భవనం ఉంది, ఇప్పుడు మ్యూజియం. లూయీ డ్యుపుయీ అనే ఫ్రెంచివాడు 1875లో తెరిచాడు. ఆయన మొదట గనిలో పని చేసేవాడు. పేలుడులో గాయపడి ఇక గనికి పనికిరాకుండా పోయాడు. ఊరివాళ్లు చందాలు వేసి ఇచ్చారు. దాంతో ఒక పాత బేకరీ పట్టి, చివరికి ఈ కొండల్లో మేలైన ఫ్రెంచ్ భోజనం పెట్టే హోటల్ చేశాడు. లోపలికి మెట్లున్నాయి. నేను బయటనుంచే చూసి దండం పెట్టుకున్నాను.

తర్వాతి రెండు రోజుల గురించి క్లుప్తంగా. మా అపార్టుమెంటు రెండో అంతస్తు. ఎక్కడం పర్లేదు, దిగడం మాత్రం వెనక్కి తిరిగి, రెయిలింగు పట్టుకుని, చిన్నపిల్లాడు మంచం దిగినట్టు. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడింది. అందుకే చెబుతున్నా: గోళ్లు కత్తిరించుకోండి, షూ లేసు మడమ దగ్గర బిగించి కట్టండి, వేలు ముందుకు జారి కొట్టుకోకుండా. ముందు నెలల్లో దిగుడు దారుల మీద సాధన చెయ్యండి. చదును నేల మీద ఎంత పరిగెత్తినా ఈ కండరానికి శిక్షణ రాదు. సోమవారం ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది, కాబట్టి కుర్చీలోంచి లేవాల్సిన పని పడలేదు. ఆ ఉద్యోగం రాలేదు. ఇంకోటి వచ్చింది, జీతం తక్కువ, కాగితాలు 57వ రోజున దాఖలయ్యాయి. ఆ మూడు రోజుల తేడా గురించి ఆలోచిస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ఒక్కటి చెప్పలేదు. జార్జ్‌టౌన్‌లో హోటల్ చూశాక వాగు ఒడ్డుకి వెళ్లాం. పాదాలు నీళ్లలో పెట్టాను. నీళ్లు కావవి, సూదులు. అర నిమిషం పెట్టి తీసి, మళ్లీ పెట్టి. అన్న ఒక చెట్టు కింద టోపీ ముఖం మీద వేసుకుని నిద్రపోయాడు. పదకొండయింది, అంటే పీలేరులో రాత్రి పదిన్నర. ఫోన్ చేశాను. ఆ టైముకి అమ్మ పడుకునుంటుంది, నాయన టీవీ ముందు ఉంటాడు.

“ఏమిరా, ఈ పొద్దప్పుడు? బాగుండావా?”

“బాగుండా నాయనా. ఉద్యోగం పోయింది.”

అలా వచ్చేసింది నోట్లోంచి. ముప్పై తొమ్మిది రోజులుగా ఎలా చెప్పాలో రకరకాలుగా కట్టుకున్న మాటలేవీ గుర్తు రాలేదు. అవతల టీవీ శబ్దం ఆగింది.

“ఎప్పుడు?”

“నెల దాటింది.”

కాసేపు మాట లేదు. తిడతాడనుకున్నాను. సోంబేరి అంటాడనుకున్నాను.

“ఇంకా ఎన్ని దినాలుంది, ఆడ ఉండేదానికి?” అన్నాడు. ఆయనకి అరవై రోజుల సంగతి తెలుసు. ఎవరింట్లోనో విన్నాడు, ఎప్పుడో.

“ఇరవై ఒకటి.”

“అప్పు పదకొండు కదా?”

“పదకొండు.”

“టికెట్టుకు దుడ్లుండాయా?”

“ఉండాయి.”

“సరే. ఇరవై ఒక్క దినం ఎతుక్కో. దొరక్కపోతే వచ్చెయ్. మీ అమ్మకు నేను పొద్దున చెప్తాలే, ఇప్పుడు లేపితే నిద్ర పోదు.” మళ్లీ కాసేపు ఆగాడు. “అదేందిరా శబ్దం? వానా?”

“వాగు నాయనా. పక్కనే కూసోనుండా.”

“ఎండాకాలంలో నీళ్లుండాయా?”

మా ఊరి పక్క ఏరులో ఏడాదికి పది నెలలు ఇసుకే. కొండ మీద మంచు కరిగి వస్తాయని చెప్పాను.

“అంత పారతా ఉందా?”

ఉందన్నాను. వినబడలేదన్నాడు. స్పీకర్ ఆన్ చేసి, ముందుకు వంగలేక వంగి, ఫోన్‌ని నీళ్ల మీదికి చాచి పట్టుకున్నాను.